క్యాన్సర్ లెక్క తేలేదెలా?

* దేశ జనాభాలో పదో వంతుకే నమోదు.. మిగతాదంతా అంచనా
* 2020 జాతీయ నివేదికలో తెలుగు నేల నుంచి హైదరాబాద్ జిల్లా ఒక్కటే
* ఊరి పేరు, మరణ కారణం నమోదైతేనే గ్రామాలకు న్యాయం

దేశంలో 2022లో కొత్తగా 14.61 లక్షల మంది క్యాన్సర్ బారిన పడ్డారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అదే సంవత్సరానికి 14.13 లక్షల మంది అని ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఈ రెండు అంకెలూ తరచూ పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి. అయితే ఒక జిల్లాలో ఏటా ఎంతమంది ఈ వ్యాధికి గురవుతున్నారు, ఏ మండలంలో ఎక్కువ, ఏ అవయవానికి ఎక్కువ అని ప్రశ్నిస్తే అత్యధిక జిల్లాల్లో సమాధానం దొరకదు. అసలు ఈ జాతీయ గణాంకాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటిని ఎలా చదవాలి? గ్రామంలో కేసులు పెరిగాయన్న ఆందోళన తలెత్తినప్పుడు ఆ అంకెలు ఏ మేరకు ఉపయోగపడతాయి? ఈ అంశాలపై అవగాహన లేకపోతే అనవసర భయమైనా కలుగుతుంది, లేదా నిజమైన ప్రమాదాన్ని గుర్తించలేని నిర్లక్ష్యమైనా మిగులుతుంది.

నమోదుకు నాంది

మన దేశంలో క్యాన్సర్ రోగుల క్రమబద్ధ నమోదు ముంబయిలో ప్రారంభమైంది. 1963లో భారత క్యాన్సర్ సొసైటీ ఆధ్వర్యంలో అక్కడ తొలి నమోదు కేంద్రం ఏర్పాటైంది. అనంతరం ఐసీఎంఆర్ జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమాన్ని చేపట్టగా, 1982 నుంచి బెంగళూరు, చెన్నై, ముంబయి నగరాల్లో జనాభా ఆధారిత కేంద్రాలు, చండీగఢ్, డిబ్రూగఢ్, తిరువనంతపురంలో ఆస్పత్రి ఆధారిత కేంద్రాలు పనిచేయడం ఆరంభించాయి. గ్రామీణ ప్రాంతానికి ప్రత్యేకించిన తొలి కేంద్రం 1987లో మహారాష్ట్రలోని బార్శీలో నెలకొంది. ప్రస్తుతం ఈ కార్యక్రమాన్ని బెంగళూరులోని జాతీయ వ్యాధి సమాచార, పరిశోధన కేంద్రం పర్యవేక్షిస్తోంది.

నమోదు కేంద్రాలు రెండు రకాలు. ఆస్పత్రి ఆధారిత కేంద్రం ఆ ఆస్పత్రికి వచ్చిన రోగుల వివరాలను మాత్రమే నమోదు చేస్తుంది. ఏ దశలో వచ్చారు, ఏ చికిత్స పొందారు అనేది దీనివల్ల తెలుస్తుంది. అయితే రోగులు ఏ జిల్లా నుంచైనా, పక్క రాష్ట్రం నుంచైనా రావచ్చు. కాబట్టి ఫలానా ప్రాంతంలో వ్యాధి ఎంత ఉందో ఆ లెక్క చెప్పలేదు. జనాభా ఆధారిత కేంద్రం పద్ధతి వేరు. ఒక నగరాన్నో, జిల్లానో హద్దుగా నిర్ణయించుకుని, ఆ హద్దులో నివసించేవారిలో కొత్తగా వ్యాధి బయటపడిన ప్రతి ఒక్కరినీ, వారు ఎక్కడ చికిత్స పొందినా సరే, లెక్కలోకి తీసుకుంటుంది. దేశవ్యాప్త అంచనాలకు ఈ రెండో రకం కేంద్రాలే పునాది.

పేరు ఎలా ఎక్కుతుంది?

రోగి వచ్చి తన పేరు చెప్పుకొంటే నమోదయ్యే విధానం కాదిది. కేంద్రం సిబ్బందే ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులకు, ముక్క పరీక్షలు చేసే ల్యాబ్‌లకు, రేడియేషన్ విభాగాలకు, జనన మరణ నమోదు కార్యాలయాలకు వెళ్లి దస్త్రాలు పరిశీలిస్తారు. రోగి పేరు, వయసు, చిరునామా, వ్యాధి సోకిన అవయవం, నిర్ధారణ జరిగిన తేదీ, పరీక్ష విధానం రాసుకుంటారు. ఒకే వ్యక్తి జిల్లా ఆస్పత్రిలో, ప్రైవేటు ల్యాబ్‌లో, రాజధానిలోని పెద్దాస్పత్రిలో మూడుచోట్లా కనిపించవచ్చు. పేరు, వయసు, ఊరు సరిపోల్చి ఆ మూడింటినీ ఒకటిగా చేయడం ఈ పనిలో అత్యంత క్లిష్టమైన భాగం. చికిత్స కోసం వచ్చి నగరంలో తాత్కాలికంగా ఉంటున్నవారిని స్థానికుల లెక్కలో కలపకుండా, ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా నివాసం ఉంటున్నవారినే పరిగణిస్తారు.

ఇక్కడే గ్రామీణులకు ఓ నష్టం పొంచి ఉంది. హైదరాబాద్‌కో, విశాఖపట్నానికో వైద్యానికి వెళ్లినవారు కొందరు ఆస్పత్రిలో బంధువుల ఇంటి చిరునామా రాయిస్తారు. ఆ చిరునామాను అలాగే నమోదు చేస్తే రోగి నగర లెక్కలో చేరతాడు. విచారణలో నగరవాసి కాదని తేలితే జాబితా నుంచి తొలగిస్తారు. స్వగ్రామం ఉన్న జిల్లాలో నమోదు కేంద్రం లేకపోతే ఆ కేసు ఎక్కడా లెక్కకు రాకుండానే మిగిలిపోతుంది.

పదో వంతు నుంచి దేశమంతటికీ..

ఐసీఎంఆర్ 2020లో వెలువరించిన నివేదికకు 28 జనాభా ఆధారిత కేంద్రాలు, 58 ఆస్పత్రి ఆధారిత కేంద్రాల సమాచారం ఆధారం. ఈ జనాభా కేంద్రాల పరిధి దేశ జనాభాలో సుమారు 10 శాతమే. ఆ 28లో 11 కేంద్రాలు ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఉత్తరాదిలోని పెద్ద రాష్ట్రాల్లోని విస్తారమైన గ్రామీణ ప్రాంతం ఆ పరిధిలో లేదు. కేంద్రాల్లో వయసుల వారీగా, స్త్రీ పురుషుల వారీగా తేలిన రేట్లను మిగతా జనాభాకు అన్వయించి దేశం మొత్తానికి అంచనా రూపొందిస్తారు. 2020లో 13.9 లక్షల మంది, 2025 నాటికి 15.7 లక్షల మంది అన్న అంకెలు ఈ విధంగా వచ్చినవే. 43 కేంద్రాల 2015-2019 సమాచారాన్ని విశ్లేషించి 2025లో ప్రచురించిన అధ్యయనం, 2024లో కొత్త కేసులు 15.6 లక్షలు, మరణాలు 8.74 లక్షలు ఉంటాయని అంచనా వేసింది.

ఒకే ఏడాదికి రెండు సంస్థలు రెండు అంకెలు చెప్పడంలో వింతేమీ లేదు. ఎంచుకున్న కేంద్రాలు, సంవత్సరాలు, జనాభా అంచనా, గణిత పద్ధతి మారితే ఫలితమూ మారుతుంది. 14.13 లక్షలకు, 14.61 లక్షలకు మధ్య తేడా మూడు నాలుగు శాతమే. గుర్తుంచుకోవాల్సింది మరొకటుంది. ఇవి తలలు లెక్కపెట్టి చెప్పినవి కావు, నమూనా నుంచి గుణించి తీసినవి. దీనికి తోడు 2011 తర్వాత 2021లో జరగాల్సిన జన గణన జరగలేదు. తదుపరి గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. అంటే కొన్నేళ్లుగా వెలువడుతున్న ప్రతి రేటులోనూ రోగుల సంఖ్యతో పాటు, దాన్ని భాగించే జనాభా సంఖ్య కూడా అంచనాయే.

తెలుగు జిల్లాల మాటేమిటి?

2020 నివేదికకు ఆధారమైన 28 జనాభా కేంద్రాల్లో తెలుగు రాష్ట్రాల నుంచి ఉన్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) నిర్వహణలోని ఆ కేంద్రం 2014 నుంచి వివరాలు అందిస్తోంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ నివేదికలో ఒక్క జనాభా కేంద్రం కూడా లేదు. అయినా 2022లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 73,500, తెలంగాణలో సుమారు 50 వేల కొత్త కేసులు ఉంటాయని పార్లమెంటుకు సమర్పించిన సమాధానాల్లో ఉంది. ఇతర కేంద్రాల్లో తేలిన రేట్లను ఈ రాష్ట్రాల జనాభాకు అన్వయించగా వచ్చిన సంఖ్యలివి. శ్రీకాకుళంలోనో, ఆదిలాబాద్‌లోనో ఇల్లిల్లూ తిరిగి లెక్కించినవి కావు. కాబట్టి వీటిని జిల్లాల సంఖ్యతో భాగించి ఫలానా జిల్లాలో ఇన్ని కేసులు అని చెప్పడం సరికాదు.

జిల్లాల పునర్విభజనతో మరో చిక్కు వచ్చిపడింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత జిల్లా పేరిట ఉన్న ఆస్పత్రి దస్త్రాలను కొత్త జిల్లా జనాభాతో పోల్చితే రేటు తలకిందులవుతుంది. మండలం పేరు, గ్రామం పేరు స్పష్టంగా నమోదై ఉంటేనే హద్దులు మారినా లెక్క చెడదు.

2025లో ప్రచురించిన అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్‌లోనే అత్యధికమని తేలింది. వయో సర్దుబాటు అనంతరం అక్కడ లక్ష మంది మహిళలకు ఏటా 54 కేసులు నమోదయ్యాయి. నగర జీవనంలో ఆలస్యంగా సంతానం కలగడం, కాన్పులు తగ్గడం, ఊబకాయం వంటివి ఈ వ్యాధి ముప్పును పెంచుతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. దానితో పాటు పరీక్షా కేంద్రాలు అందుబాటులో ఉండటం వల్ల నగరంలో వ్యాధి ఎక్కువగా బయటపడుతుంది. పరీక్షే లేని చోట కేసులూ కనిపించవు. రేటు తక్కువగా కనిపించిన జిల్లాలో వ్యాధి తక్కువగా ఉందనుకోవడానికి ముందు, అక్కడ వెతికినవారెవరో చూడాలి.

ఐజ్వాల్‌కు, ధారాశివ్‌కు అంత తేడా

2020 నివేదిక ప్రకారం పురుషుల్లో అత్యధిక రేటు మిజోరం రాజధాని ఉన్న ఐజ్వాల్ జిల్లాలో లక్షకు 269.4గా నమోదైంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్), బీడ్ జిల్లాల్లో అది 39.5 మాత్రమే. మహిళల్లో అత్యధికం అరుణాచల్‌ప్రదేశ్‌లోని పాపుంపారే జిల్లాలో 219.8. ఒకే దేశంలో దాదాపు ఏడు రెట్ల వ్యత్యాసం ఇది. ఈశాన్యంలో పొగాకు వాడకం విస్తృతంగా ఉండటం ఇందుకు ఒక ప్రధాన కారణం. దేశ సగటు ఒక్కటే చూసి ఏ జిల్లాకైనా ప్రణాళిక వేయడం ఎంత పొరపాటో ఈ అంకెలు చాటుతున్నాయి.

పోలికకు వాడిన ఈ రేట్లు 'వయో సర్దుబాటు' రేట్లు. దీని అర్థం తెలుసుకోవడం అవసరం. క్యాన్సర్ ప్రధానంగా వయసు మళ్లినవారిలో వచ్చే వ్యాధి. 10 వేల జనాభా ఉన్న రెండు ఊళ్లను ఊహించుకుందాం. రెండింటిలోనూ అరవై దాటినవారిలో ఏటా 10 వేలకు 40 మందికి, అంతకంటే చిన్నవారిలో 10 వేలకు ఆరుగురికి వ్యాధి వస్తుందనుకుందాం. మొదటి ఊరి యువత హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో వలస వెళ్లగా అక్కడ వృద్ధులు 2 వేల మంది ఉన్నారు. రెండో ఊళ్లో వెయ్యి మందే ఉన్నారు. లెక్కవేస్తే మొదటి ఊళ్లో ఏటా సుమారు 13 కేసులు, రెండో ఊళ్లో 9 కేసులు వస్తాయి. ఏ ఒక్క వ్యక్తికీ ముప్పు పెరగలేదు, వయసుల పొందిక మాత్రమే మారింది. ఈ తేడాను తొలగించి, అన్ని ప్రాంతాల్లోనూ వయసుల పొందిక ఒకేలా ఉంటే రేటు ఎంత ఉండేదో లెక్కించడమే సర్దుబాటు. సర్దుబాటు చేయనిది స్థూల రేటు. ప్రాంతాలను పోల్చడానికి సర్దుబాటు రేటు, ఆస్పత్రిలో ఎన్ని పడకలు కావాలో నిర్ణయించడానికి స్థూల రేటు ఉపయోగపడతాయి.

'తొమ్మిది మందిలో ఒకరికి' అంటే..

దేశంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి క్యాన్సర్ వస్తుందన్న వాక్యం విస్తృతంగా ప్రచారంలో ఉంది. దీన్ని చదివి ప్రస్తుతం తొమ్మిది మందిలో ఒకరు రోగి అని భావించేవారు ఉన్నారు. అది సరికాదు. పుట్టుక నుంచి 74 ఏళ్ల వయసు దాకా జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యాధి వచ్చే అవకాశం సుమారు 11 శాతం అని దాని భావం. ఒక ఏడాదిలో కొత్తగా వ్యాధి బయటపడేది లక్షకు సుమారు 100 మందికి, అంటే వెయ్యికి ఒకరికి.

కొత్త కేసులకు, వ్యాధితో జీవిస్తున్నవారికి మధ్య కూడా తేడా ఉంది. గత ఐదేళ్లలో నిర్ధారణ జరిగి 2022 నాటికి జీవించి ఉన్నవారు దేశంలో సుమారు 32.6 లక్షల మంది అని అంతర్జాతీయ సంస్థ అంచనా. ఏటా వచ్చే కొత్త కేసులు 14 లక్షలైనప్పుడు ఐదేళ్లలో 70 లక్షలకు చేరువ కావాలి. సగానికి పైగా మిగలలేదన్నది ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలిసే చేదు నిజం. అదే ఏడాది మరణాలు 9.17 లక్షలు. 100 కొత్త కేసులకు 65 మరణాలన్నమాట. రొమ్ము క్యాన్సర్‌లో ప్రపంచవ్యాప్తంగా 100 కొత్త కేసులకు 30 లోపు మరణాలుండగా, మన దేశంలో 51 నమోదవుతున్నాయి. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో మానేయడం దీనికి ప్రధాన హేతువులు.

ఊళ్లో కేసులు పెరిగితే..

తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు పెద్దసంఖ్యలో ఉన్నాయని 2025 మార్చిలో అనపర్తి ఎమ్మెల్యే నల్లమిల్లి రామకృష్ణారెడ్డి శాసనసభలో ప్రస్తావించారు. వెంటనే ప్రభుత్వం వైద్య బృందాలను పంపి ఇంటింటి సర్వే చేయించింది. ఇటువంటి సందర్భాల్లో గ్రామస్థుల ఆందోళన సహజం. ఆ ఆందోళనలోని నిజానిజాలు తేల్చాలంటే పోల్చి చూసేందుకు ఒక కొలబద్ద ఉండాలి.

జాతీయ స్థూల రేటునే తీసుకుంటే 10 వేల జనాభా గల గ్రామంలో ఏటా సుమారు 10 కొత్త కేసులు రావాలి. ఐదేళ్లలో నిర్ధారణై జీవించి ఉన్నవారు 23 మంది వరకు ఉండవచ్చు. పదేళ్లలో వ్యాధి వచ్చినవారిని, వారిలో మరణించినవారిని కలిపి చెబితే ఆ సంఖ్య 100 అవుతుంది. కాబట్టి 'మా ఊళ్లో వందమందికి వచ్చింది' అన్నప్పుడు ఎన్నేళ్లలో అన్నది మొదటి ప్రశ్న కావాలి. చిన్న సంఖ్యలు ఏటా ఒకేలా ఉండవు. సగటు 10 ఉన్న గ్రామంలో యాదృచ్ఛికంగానే ఒక ఏడాది 5, మరో ఏడాది 16 కేసులు రావచ్చు. 2 వేల జనాభా ఉన్న ఊళ్లో సగటున ఏటా రెండు కేసులు వస్తాయి. అయినా అటువంటి 20 ఊళ్లలో ఒకదానిలో ఏదో ఒక ఏడాది ఐదో, అంతకన్నా ఎక్కువో రావడానికి కేవలం కాకతాళీయతే చాలు. ఆ ఒక్క ఊరే వార్తల్లోకి వస్తుంది, మిగిలిన 19 రావు.

అంతమాత్రాన ఫిర్యాదులను కొట్టిపారేయడానికి ఈ లెక్క సాకు కారాదు. యాదృచ్ఛికమా, కాదా అని తేల్చేందుకు పరిశీలించాల్సిన అంశాలు స్పష్టంగా ఉన్నాయి. కేసులన్నీ ఒకే రకం క్యాన్సరా, వేర్వేరు అవయవాలవా? సాధారణంగా అరుదైన రకం ఎక్కువగా కనిపిస్తోందా? పిల్లల్లో, యువకుల్లో అసాధారణంగా వస్తోందా? రోగులు ఎన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నారు? ఇరుగుపొరుగు గ్రామాల్లో పరిస్థితి ఏమిటి? హానికారకానికి గురైన తర్వాత కణితి బయటపడటానికి చాలా రకాల్లో పదేళ్లు, ఇరవై ఏళ్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి నిరుడు వచ్చిన మార్పును ఈ ఏడాది కేసులకు కారణంగా చూపలేం. ఇరవై ఏళ్ల క్రితం నాటి నీరు, గాలి, పొగాకు అలవాట్ల వివరాలు కావాలి. పదేళ్ల పాటు క్రమంగా నమోదు జరిగి ఉంటే ఈ ప్రశ్నలకు వారం రోజుల్లో జవాబు దొరుకుతుంది. అది లేనందునే ప్రతిసారీ హడావుడిగా సర్వే చేయాల్సి వస్తోంది. ఒక్క సర్వేతో ప్రస్తుత రోగుల సంఖ్య తెలుస్తుంది గానీ, పెరిగిందో తగ్గిందో తెలియదు.

మరణ కారణం రాసేవారేరీ?

మరణాల గణాంకాల పరిస్థితి మరింత బలహీనం. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. నమోదైన మరణాలన్నిటికీ వైద్యుడు ధ్రువీకరించిన కారణం ఉండటం లేదు. 2020లో దేశంలో నమోదైన 81 లక్షల మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంటివద్ద కన్నుమూసినవారి విషయంలో 'వృద్ధాప్యం', 'గుండె ఆగింది' వంటి మాటలతో సరిపెట్టడం పరిపాటి. గుండె ఆగడం మరణానికి పర్యాయపదమే గానీ కారణం కాదు. పెద్దాస్పత్రి నుంచి 'ఇక ఇంటికి తీసుకెళ్లండి' అని పంపిన రోగి నెల రోజుల తర్వాత స్వగ్రామంలో మరణిస్తే, ఆ మరణం క్యాన్సర్ ఖాతాలో పడటం అరుదు.

2023లో సవరించిన చట్టం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి వైద్యసంస్థ మరణ కారణ ధ్రువపత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రారుకు పంపాలని, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలని అది నిర్దేశిస్తోంది. చివరి అనారోగ్యంలో చికిత్స చేసిన వైద్యుడిపైనా ఈ బాధ్యత ఉంది. గ్రామంలో నమోదు బాధ్యత పంచాయతీ కార్యదర్శిది. చట్టంలోని ఈ వెసులుబాటును వినియోగించుకుంటే గ్రామీణ మరణాల అసలు చిత్రం కొంతైనా వెలుగులోకి వస్తుంది.

బీమా పథకాల లెక్క చాలదా?

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలోని మూడు జిల్లాల్లో మొదలైనప్పటి నుంచి పేదల క్యాన్సర్ చికిత్స వివరాలు పెద్దఎత్తున కంప్యూటర్లలో చేరాయి. ఈ సమాచారం విలువైనదే. అయితే అది చెల్లింపుల లెక్క. ఒకే రోగికి శస్త్రచికిత్స, ఎనిమిది విడతల కీమో, రేడియేషన్ జరిగితే బిల్లులు పది అవుతాయి, మనిషి ఒక్కరే. పథకంలో లేనివారు, సొంత డబ్బుతో చికిత్స చేయించుకున్నవారు, అసలు చికిత్సే తీసుకోనివారు అందులో కనిపించరు. బిల్లులను మనుషులుగా మార్చి, నమోదు కేంద్రాల జాబితాలతో అనుసంధానిస్తే మాత్రం తక్కువ ఖర్చుతో జిల్లా చిత్రపటం తయారుచేసే వీలుంది.

క్యాన్సర్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించాలని పార్లమెంటు ఆరోగ్య స్థాయీసంఘం 2022లో సిఫార్సు చేసింది. అంటే వ్యాధిని నిర్ధారించిన ప్రతి ఆస్పత్రీ, ల్యాబ్ ప్రభుత్వానికి సమాచారం ఇవ్వాలి. కర్ణాటక సహా పలు రాష్ట్రాలు ఈ మేరకు ఉత్తర్వులిచ్చాయి. ఉత్తర్వుతోనే పని పూర్తికాదు. వచ్చిన సమాచారాన్ని సరిపోల్చే శిక్షణ పొందిన సిబ్బంది జిల్లాలో ఉన్నప్పుడే అది గణాంకంగా మారుతుంది.

లెక్క తేలితే మేలు ఇదీ

గణాంకం వ్యాధిని నయం చేయదు. అయితే ఎక్కడ వెతకాలో చూపుతుంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాల మహిళల్లో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఇందుకు మంచి ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, నోటి పైకప్పుపై వచ్చే మచ్చలకు, పుండ్లకు ఈ అలవాటుతో ఉన్న సంబంధాన్ని వివరిస్తూ 1971లో అంతర్జాతీయ వైద్య పత్రికలో అధ్యయనం వెలువడింది. దేశంలో మిగతాచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ, నాలుక భాగాల్లో వస్తుండగా ఇక్కడ అంగిలిలో రావడానికి కారణం ఆ లెక్కతోనే తెలిసింది. నోరు పరీక్షించే ఆరోగ్య కార్యకర్త అక్కడ పైకప్పును తప్పక చూడాలన్న జ్ఞానం దాని ఫలితమే.

పొగాకు సంబంధిత క్యాన్సర్లు 2020లో మొత్తం కేసుల్లో 27.1 శాతం. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 26.7 కోట్ల మంది వయోజనులు ఏదో రూపంలో పొగాకు వాడుతున్నారు. పురుషుల్లో నోటి క్యాన్సర్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను మించి మొదటి స్థానానికి చేరినట్లు 2025 అధ్యయనం వెల్లడించింది. మొత్తం కేసుల్లో మహిళలు 51.1 శాతం ఉండగా మరణాల్లో వారి వాటా 45 శాతమే. మహిళల్లో ఎక్కువగా వచ్చే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను తొలిదశలో గుర్తించే వీలుండటం ఇందుకు ఒక కారణం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గుర్తింపునకు ఇంటింటి పరీక్షలు ప్రారంభమయ్యాయి. ఇటువంటి పరీక్షలు మొదలైన తొలి ఏడాది కేసుల సంఖ్య పెరగడం సహజం. దాన్ని వ్యాధి విజృంభణగా భావించరాదు. అప్పటిదాకా దాగి ఉన్నవి బయటపడటం వల్లనే ఆ పెరుగుదల. కొన్నేళ్లకు ముదిరిన దశలో వచ్చేవారు, మరణించేవారు తగ్గితే కార్యక్రమం ఫలించినట్లు. జిల్లా ఆస్పత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలను మూడేళ్లలో ఏర్పాటు చేస్తామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించింది. ఎక్కడ ఎన్ని పడకలు, ఎన్ని మందులు, నొప్పి నివారణకు ఎంత మార్ఫిన్ అవసరమో నిర్ణయించడానికి ఆ జిల్లా సొంత లెక్క కావాలి. అది లేని జిల్లా పంపే ప్రతిపాదనలో బలం ఉండదు.

కుటుంబ సభ్యులు చేయాల్సినవి

* ఏ నగరంలో చికిత్స పొందినా ఆస్పత్రి దస్త్రంలో స్వగ్రామం, మండలం, జిల్లా పేర్లతో శాశ్వత చిరునామా రాయించాలి.
* ఆధార్‌లో ఉన్న పేరునే అన్నిచోట్లా వాడాలి. ఇంటిపేరు ఒకచోట ఉండి మరోచోట లేకపోతే ఒకే వ్యక్తి ఇద్దరుగా నమోదయ్యే ప్రమాదం ఉంది.
* ముక్క పరీక్ష నివేదికను భద్రపరచాలి. వ్యాధి రకం తెలిపే ప్రధాన పత్రం అదే.
* నమోదు కేంద్రం సిబ్బందో, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తో వివరాలు అడిగితే దాచకూడదు. నివేదికల్లో వ్యక్తుల పేర్లు ప్రచురించరు.
* ఇంటివద్ద మరణం సంభవిస్తే చికిత్స చేసిన వైద్యుడి నుంచి కారణ ధ్రువపత్రం తీసుకుని 21 రోజుల్లోగా పంచాయతీ కార్యదర్శి వద్ద నమోదు చేయించాలి.

ఈ లక్షణాలుంటే జాగ్రత్త

నోటిలో మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తస్రావం, నెలసరి ఆగిన తర్వాత మళ్లీ రక్తం కనిపించడం, విడవని దగ్గు, దగ్గులో రక్తం, మింగడంలో ఇబ్బంది, అకారణంగా బరువు తగ్గడం వంటివి గమనిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. ఇవన్నీ క్యాన్సరే కానవసరం లేదు. ముప్ఫై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆస్పత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఉచితం. నిర్ధారణైనవారికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖపట్నం సమీపంలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నిర్వహిస్తున్న హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి సేవలందిస్తున్నాయి.